ఆఖరి బురుజు

మౌలాలి కళ్లు మూసుకుంటే చాలు, ఖాసీం అన్న వచ్చేసేవాడు.

గుట్ట మీద రహంతుల్లా సాహెబు అనే ఫకీరు ఉండే తకియాలో, అంటే ఆయన ఆశ్రమంలో, శిష్యుడిగా చేరి ఏడు నెలలైంది. సాహెబు నేర్పినట్టే తెల్లవారి నమాజు కాగానే గోడ వైపు తిరిగి కూర్చుని అల్లా పేరు తలుచుకుంటాడు. పదిసార్లు తలిచేసరికి అన్న మొహం కనిపిస్తుంది. ఇరవైసార్లకు అన్న భుజాలు, వాటి మీద పరుపు. తలకిందులుగా తపస్సు చేసినా ఆ మనిషి కదిలేలా లేడు.

వాళ్లది దూది ఏకి పరుపులు కుట్టే ఇల్లు. నడివేసవిలో తండ్రి పోయాడు. పని మీద పొరుగూరికి వెళ్లిన మౌలాలి, దారిలో బస్సు చెడిపోయి రెండు గంటలు ఆలస్యంగా వచ్చాడు. అప్పటికే మట్టి వేసేశారు. "ఎండకు ఆపలేకపోతిమి రా," అన్నాడు అన్న. తండ్రి చివరి చూపు దక్కనివ్వనివాడితో ఒక్క చూరు కింద ఉండలేనని మౌలాలి గుట్టెక్కేశాడు.

అన్న మాత్రం తమ్ముడి కోసం కుట్టిన పరుపు మోసుకుని ప్రతి గురువారం వస్తూనే ఉన్నాడు. నమాజులో ఉన్నాడని ఒకసారి, జ్వరమని ఒకసారి చెప్పించాడు మౌలాలి. నీళ్లతొట్టి వెనక నక్కిన రోజులూ ఉన్నాయి.

మిగిలిన పొద్దంతా ఫోనులో ఆట. అందులో ఒక కోట, దాని ముందు మైదానం. అవతలి కొన నుంచి కొమ్ముల రాక్షసులు బారులు తీరి వస్తారు. మైదానంలో బురుజులు కట్టి, ఫిరంగులు పేల్చి, వాళ్లను కోట చేరకుండా ఆపాలి. మౌలాలి ముప్పై తొమ్మిది లెవెల్స్ దాటి నలభయ్యోదాని దగ్గర ఇరుక్కుపోయాడు. అయినా రాక్షసులే నయం, పది మందిలో తొమ్మిది మందన్నా ఆగుతారు.

ఒక గురువారం పొద్దున ధైర్యం చేసి సాహెబును అడిగాడు.

"సాహెబూ, కూర్చున్నప్పుడల్లా మనసులోకి ఒక మనిషి వస్తాండాడు. రాకుండా చేసే దువా ఏదన్నా చెప్పండి."

సాహెబుకు ఎనభై దాటాయి, నోట్లో నాలుగు పళ్లు. ఎవరా మనిషి అని అడగలేదు.

"నీ ఫోను ఇట్లియ్యి," అన్నాడు.

మౌలాలి తడబడుతూ తీసిచ్చాడు. గుట్టుగా ఆడుకుంటున్నానని వాడి నమ్మకం. ఆ ఫిరంగుల మోత గుట్ట కింద మేకలు కాసేవాళ్లకు కూడా తెలుసు.

సాహెబు తిట్టలేదు. ఎట్లా ఆడాలో చెప్పమన్నాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ కదా, మౌలాలి రెచ్చిపోయాడు. "అట్ల కాదు సాహెబూ, మలుపు కాడ పెట్టాల," అంటూ గురువుగారి వేలు పట్టుకుని దిద్దించాడు. సాహెబు తన కంటికి అందంగా తోచినచోటల్లా బురుజులు పెట్టి, మూడుసార్లు ఓడి, మూడుసార్లూ పడీపడీ నవ్వాడు.

"ఇన్ని తంటాలెందుకురా? ఈ కొన నుంచి ఆ కొనకు వరసగా కట్టేస్తే పోలా?"

"కుదరదు సాహెబూ. ఆఖరి బురుజు పడదు."

"ఏం?"

"ఏమో. ఆట ఒప్పుకోదు. ఒక్క సందన్నా ఉండాల."

సాహెబు నొక్కి చూశాడు. ఆఖరి బురుజు ఎర్రబడి వెనక్కి వచ్చింది. మళ్లీ నొక్కాడు. మళ్లీ వచ్చింది.

"ఆటే కదా ఒప్పుకోంది. మన గుట్ట ఒప్పుకుంటాది. పో, దారికి అడ్డంగా ముళ్లకంప వేసి రా. సందు లేకుండా మూసెయ్యి. ఈ పొద్దు ఒక్కరు కూడా పైకి రాకూడదు."

మౌలాలికి ఏమీ అర్థం కాలేదు. గురువారం పూటే కదా జనం వచ్చేది! అడిగింది దువా, దొరికింది కంప. సాహెబుకు కోపమొచ్చిందా, మతి తప్పిందా, లేక అన్నను ఆపే ఏర్పాటే చేస్తున్నాడా? అడుగుదామని చూస్తే ముసలాయన తలెత్తకుండా ఫోను నొక్కుకుంటున్నాడు.

రెండు బండల మధ్య దారి ఇరుకయ్యేచోట కంప వేయడం మొదలుపెట్టాడు. తుమ్మ మండలు, రేగు మండలు లాగి లాగి చేతులు గీరుకుపోయాయి. నిజానికి సంతోషించాలి. కానీ ఒక్కో మండ వేసి కింది దారి వైపే చూస్తున్నాడు. చివరికి ఒక మనిషి పట్టేంత సందు మిగిలింది. దానికి సరిపోయే మండ చేతిలోనే ఉంది.

అప్పుడే కింద మలుపులో పరుపు కనబడింది. చుట్ట చుట్టిన పరుపు, దాని కింద అన్న. ఏడు నెలలుగా ప్రతి వారం మోసుకొచ్చి, ప్రతి వారం మోసుకుపోతున్న పరుపు అది.

మండ వేసేయాలి. చెయ్యి లేవలేదు.

ఖాసీం సందు దగ్గరకొచ్చి ఆగాడు. కంపను చూశాడు, తమ్ముణ్ని చూశాడు.

"దారి మూస్తాండావా?"

"ఊఁ."

"అయిపోయిందా?"

"ఇంగొకటుంది."

ఖాసీం పరుపు దించాడు. లోపలికి అడుగు పెట్టలేదు. "ముల్లు దిగింది చూడు చేతికి. ఇట్ల పెట్టు," అని, సందులోంచి తమ్ముడి చెయ్యి అందుకుని గోటితో ముల్లు తీయసాగాడు.

ఏడు నెలలు మౌలాలి లోపల తొక్కిపెట్టిన మాట ఒకటి ఉంది. అది అప్పుడు బయటపడింది.

"నాయన మొగం ఎట్లుండె అన్నా?"

ఖాసీం ముల్లు తీసి పారేశాడు.

"ఒళ్లు కడగక ముందు గడ్డంలో దూది ఉండె రా. ఎప్పటి మాదిరే. నేనే ఏరినా."

మౌలాలి మండ వదిలేసి ఏడ్చాడు. అన్న సందుకు అవతల నిలబడే ఆ చెయ్యి పట్టుకున్నాడు. చాలాసేపటికి ఇద్దరూ పరుపు చెరో కొస పట్టుకుని, కంప తగలకుండా పక్కకు తిరిగి సందులోంచి పైకి నడిచారు.

పైనుంచి ఫోనులో ఆట ఓడిపోతే మోగే పాట వినిపించింది. ఆ వెంటే సాహెబు కేక, నవ్వుతో ఊపిరాడక.

"ఒరే మౌలాలీ! నా కోటలోకి వచ్చేసినార్రా!"