పిచ్చుకల కంకి

కాళ్ళు తన్నుకోకుండా దుప్పటి కప్పుకో తల్లీ. ఊఁ కొట్టడం మానేస్తే కథ మానేస్తాను, ముందే చెబుతున్నా.

అనగనగా ఒక ఊరు. వాన కోసం మొగం పైకెత్తి చూసే ఊరు. ఆ ఊళ్ళో ఓబుళమ్మ అని ఒక ముసలామె. అరెకరం చేను, చిన్న పెంకుటిల్లు, అంతే. వెనకాముందూ ఎవరూ లేరు.

ఒక ఏడు ఆ ఇంటికి పట్నం నుంచి వకుళ అనే పిల్ల వచ్చింది. వ్యవసాయ కాలేజీలో చదివే పిల్ల. అక్కడ చివరి సంవత్సరం వాళ్ళని కొన్ని నెలలు రైతుల ఇళ్ళలో ఉండి పని నేర్చుకోమంటారు. విత్తనాల మీద ఇంత లావు పుస్తకం చదివేసింది కానీ, పాపం, రోకలి పట్టడం రాదు. ఓబుళమ్మే నేర్పింది. మొదట దంచడం, ఆ తర్వాత చెరగడం, ఆ తర్వాత పొయ్యి రాజెయ్యడం. ఇద్దరూ పక్కపక్కన చాపలు వేసుకుని పడుకునేవాళ్ళు, మనలాగే.

అప్పుడు ఓబుళమ్మకి జ్వరం వచ్చింది. పిల్లకి కంగారు. డబ్బా తీసి చూస్తే గింజ లేదు. తలెత్తి చూస్తే పొయ్యి పైన వాసానికి కొర్రకంకుల కట్ట వేలాడుతోంది. పొగచూరి నల్లగా ఉంది. ఎప్పుడో కట్టి మర్చిపోయారనుకుంది. మొదటిరోజు కొన్ని దులిపి, దంచి, గంజి కాచింది. రెండోరోజు ఇంకొన్ని దంచి జావ చేసింది. మూడోరోజు మిగిలినవన్నీ దంచి అన్నం వండింది. ఎవరి సాయమూ లేకుండా దంచానని ఎంత మురిసిపోయిందో! తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదంటారు. ఈ వెర్రితల్లి లెక్కపెట్టలేదు, వాసానికి కట్టిందే వండేసింది.

ఆ సాయంత్రం మంచి వాన పడింది. జ్వరం దిగిన ఓబుళమ్మ లేచి కూర్చుని పొయ్యి పైకి చూసింది. ఉత్త తాడు.

"పాపా, ఈడ కట్టిన ఇత్తనం యాడ?"

విత్తనానికి పురుగు పట్టకుండా పొగ తగిలేట్టు కడతారమ్మా. ఆ మాట లావుపాటి పుస్తకంలో లేదు. వకుళ ఖాళీ కుండ వైపు చూసింది. ఓబుళమ్మకి అర్థమైంది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"రేపు కొట్లో కొని తెస్తానవ్వా" అంది పిల్ల ఏడుస్తూ.

"ఇత్తనం కొట్లో దొరుకుతాది. మా అత్త దొరకదు గదా. కాపరానికొచ్చిన నాడు నా ఒళ్ళో పోసింది పాపా. కరువులో గూడా దాన్ని తిన్లేదు మేము."

నేల తడి ఆరేలోగా విత్తాలి. రెండు రోజులుంటే గొప్ప. తెల్లవారగానే వకుళ ఇల్లిల్లూ తిరిగింది. మొదటి ఇంట్లో, ఇప్పుడందరూ వేసేది వేరుశనగే అన్నారు. రెండో ఇంట్లో మొక్కజొన్న పొట్లాలు చూపించారు. మూడో ఇంట్లో, మేం కొర్ర మానేసి పదేళ్ళయింది పాపా అన్నారు. ఆ తర్వాత ఇక ఎవర్నీ అడగలేక వచ్చి గడపలో కూలబడింది.

అప్పుడు చూరు కింద కిచకిచమని చప్పుడైంది. అక్కడో కంకుల కుచ్చు ఉంది. కోత అయిన ప్రతిసారీ ఓబుళమ్మ పిచ్చుకల కోసం కట్టే కుచ్చు. చాలామటుకు తినేశాయి. లోపలి మడతల్లో మాత్రం ఇంకా గింజలున్నాయి.

"అవ్వా, ఇవీ ఆ చేనివేనా?"

"చేను అదే. అయితే అవి పిట్టలయి. ఇచ్చింది మళ్ళా తీసుకోగూడదు."

"అడిగి తీసుకుందామవ్వా."

ఓబుళమ్మ మెల్లగా లేచింది. పక్కింటికి వెళ్ళి గుప్పెడు జొన్నలు తెచ్చి అరుగు మీద చల్లింది. ఇద్దరూ పిచ్చుకలకి దండం పెట్టారు. నవ్వకు, వాళ్ళూ నవ్వలేదు. "పండగానే తొలి కుచ్చు నా చేత్తో మీకే కడతాను" అని వకుళ ఒట్టు వేసింది.

దులిపితే పిడికెడు గింజలు వచ్చాయి. అవి చేనంతటికీ చాలవు కదా, మిగతా అంతా కంది వేశారు. మధ్యలో ఒక్క సాలు కొర్ర. వకుళ రోజూ వెళ్ళి చూసేది. మొలక వచ్చింది, పిలక వేసింది, కంకి తొంగి చూసింది. సరిగ్గా అప్పుడే కాలేజీ వాళ్ళు వెనక్కి పిలిచారు. ఒట్టు తీరకుండానే వెళ్ళిపోయింది. బస్సులో ఆ పిల్ల వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది.

కొన్నాళ్ళకి ఆ ఊరి బస్సు కండక్టరు ఒక గుడ్డమూట తెచ్చి హాస్టల్లో ఇచ్చాడు. విప్పితే కొర్రకంకుల కుచ్చు. బంగారం రంగులో ఉంది. అవ్వ చెప్పమన్న మాట కూడా చెప్పాడు.

"ఇత్తనం పొయ్యి మీద కట్టినా. ఇది పిట్టలది. నువ్వు గదా మాటిచ్చింది, నువ్వే కట్టు."

వకుళ దాన్ని కిటికీకి కట్టింది. మొదటిరోజు ఒక్క పిట్టా రాలేదు. రెండోరోజూ రాలేదు. మూడోరోజు పొద్దున ఒక పిచ్చుక వచ్చి వాలి, అటూ ఇటూ చూసి, ఒక గింజ వొలుచుకుంది. అప్పుడు వకుళ భోరున ఏడ్చింది. కంకులు వండేసిన రోజు కూడా అంత ఏడవలేదు.

నిద్రొస్తోందా? సరే.

కథ కంచికి,
కంకి పిట్టకి,
గింజ మట్టికి,
నా తల్లి నిద్దరకి.