ఉప్పుమడుల దాలమ్మ తప్పు

అనగా అనగా, మా అవ్వకి అవ్వ ఇంకా పుట్టనప్పటి మాట. సముద్రం పక్కన ఉప్పుమడులు. మడుల పక్కన ఒక పేట. పేటలో అందరూ కూలోళ్లే. తెల్లారితే మడిలోకి దిగేవాళ్లు. ఉప్పునీళ్లలో నిలబడి చెక్కపలకతో ఉప్పు లాగేవాళ్లు. పొద్దుగూకితే గట్టెక్కేవాళ్లు.

ఆ పేటలో దాలమ్మ అని ఒక ముసలామె. ఉప్పుకి పాదాలు పుండ్లు పడి మడి దిగలేకపోయింది. తాటాకు పాకలో కూచుని అందరి పసిపిల్లల్నీ చూసేది. తలా ఇంత గంజి పోసేవాళ్లు. అదే ఆమె బతుకు.

పిల్లలు ఏడవకుండా ఉంటారా? ఏడ్చేవాళ్లు. బిడ్డ ఏడుపు వింటే తల్లికి పాలు చేపుకొచ్చేవి. తల్లి గట్టెక్కేది. గట్టెక్కితే మేస్త్రి, "రేపటి నుంచి రాకు" అనేవాడు.

దాలమ్మకి జాలేసింది. సంతలో నల్లమందు తెచ్చింది. ఆవగింజంత తీసి, బెల్లం నీళ్లలో తడిపి, పిల్లల నాలిక మీద వేలితో రాసింది. పిల్లలు పడుకున్నారు. తల్లులు ఉప్పు లాగారు.

ఆవగింజంత కొన్నాళ్లు పనిచేసింది. తర్వాత పెసరగింజంత కావలసొచ్చింది. ఆ తర్వాత కందిగింజంత. పిల్లలకి నడక వచ్చినా ఆపలేదు. గట్ల మీద పరుగెత్తి మడిలో పడతారేమోనని అదే పెట్టింది.

"దాలమ్మత్త పాకలో పిల్లలు బొమ్మల్లాగ పడుంటారే" అని ఆడవాళ్లు చెప్పుకునేవాళ్లు. ఎలా పడుంటున్నారని ఒక్కరూ అడగలేదు. తెలియక కాదు అడగనిది. అందుకే ఈ కథ చెప్పాలంటే మాకు సిగ్గు.

పెంటమ్మ అని ఒకామె కొడుకు అసిరి. ఆ పాకలోనే పెరిగాడు. పదహారేళ్లొచ్చాయి. తల్లితో సమానంగా ఉప్పుతట్ట మోయాల్సినవాడు. ఒకరోజు పాక గుమ్మంలోకి వచ్చి కూచున్నాడు.

"ఏట్రా అసిరీ?" అంది దాలమ్మ.

"కడుపునొప్పి మామ్మా. కొంచెం పెట్టు."

పెట్టింది.

రెండోసారి వచ్చాడు. "నిద్దర పట్టట్లేదు మామ్మా. కొంచెం పెట్టు."

పెట్టింది.

మూడోసారి వచ్చాడు. ఏమీ చెప్పలేదు. మీసం మొలుస్తున్న పిల్లాడు ఆమె ముందు గొంతుక్కూచుని, కళ్లు మూసుకుని, పసిబిడ్డలాగ నోరు తెరిచాడు.

దాలమ్మ వేలు మధ్యలో ఆగిపోయింది. తలెత్తి చూసింది. ఇంకో ఇద్దరు ఎదిగిన ఆడపిల్లలు పాక గుంజకి ఆనుకుని కూచున్నారు. వాళ్ల వంతు కోసం.

దాలమ్మ కొంగు మొహం మీదకి లాక్కుంది.

మధ్యాహ్నం ఆడవాళ్లు గట్టు మీద అంబలి తాగుతుంటే, కుంటుకుంటూ వెళ్లింది. "మీ పిల్లల నోట్లో నేను పెట్టింది నల్లమందు" అంది.

ఎవరూ తలెత్తలేదు.

"మెల్లగా అత్తా, మేస్త్రి ఇంటాడు" అంది పెంటమ్మ.

"ఇననీ. నీకు తెలుసా పెంటమ్మా?"

పెంటమ్మ అంబలి గిన్నె కింద పెట్టింది. "ఇంటికెళ్లాక ఆడి నోరు వాసన సూసేదాన్నత్తా. కొంగుతో తుడిసేసేదాన్ని, మా ఆయనకి తెలవకుండా."

"నేను సెలవు రోజున ఇంట్లోనూ పెట్టాను" అంది ఇంకొకామె.

"నువ్వు జొరంగా ఉన్నప్పుడు సంత నుంచి తెచ్చింది నేనే గదా అత్తా" అంది మరొకామె.

"రేపటి నుంచి పెట్టను. ఏడుత్తారు" అంది దాలమ్మ. "పిల్లల్ని పాకలో దాచను. గట్టు మీదకే తెత్తాను. ఏడుపు అందరికీ ఇనబడాల."

తెచ్చింది. మొదటిరోజు మేస్త్రి తిట్టాడు. రెండోరోజు, పాలివ్వడానికి గట్టెక్కిన ఇద్దరిని పంపేశాడు. మూడోరోజు ఆడవాళ్లందరూ గట్టెక్కి కూచున్నారు. అప్పుడే మబ్బు పట్టింది. చినుకు పడితే లాగని ఉప్పంతా నీళ్లైపోతుంది. మేస్త్రి మబ్బు కేసి చూశాడు. ఆడవాళ్ల కేసి చూశాడు. "రోజుకి మూడుసార్లు పాలిచ్చుకోండి. దిగండి తల్లీ, దిగండి" అన్నాడు.

పసివాళ్ల సంగతి అలా కుదిరింది. పెద్దపిల్లలది కుదరలేదు. దాలమ్మ వాళ్లని పాకలో పెట్టుకుని కూచుంది. ఎక్కినట్టే దిగాలంది. కందిగింజ నుంచి పెసరగింజకి. పెసరగింజ నుంచి ఆవగింజకి. ఆవగింజ నుంచి వట్టి బెల్లం నీళ్లకి.

అసిరి వణికాడు. కక్కాడు. "నువ్వే గదే ముసిలీ నేర్పినావు" అని తిట్టాడు.

"అవును నాయనా, నేనే" అంది.

తిట్టినా అదే మాట. కొట్టబోయినా అదే మాట. ఒళ్లో తల పెట్టి ఏడ్చినా, "అవును నాయనా, నేనే."

గుమ్మం దగ్గర కూచున్న పెంటమ్మ కూడా అంది. "నేనూ నాయనా."

అసిరి తేరుకున్నాడు. ఆ ఇద్దరు ఆడపిల్లల్లో ఒకమ్మాయి దక్కలేదు. ఆ పిల్ల పేరు మావాళ్లు కథలో చెప్పరు. చెప్పడానికి నోరు రాదు.

దాలమ్మ పోయినప్పుడు పాడెని ముందువైపు అసిరి పట్టాడు. ఇప్పుడు ఆ పాక లేదు. దాని మట్టి అరుగు ఉంది. ఏటేటా అలుకుతాం.

మా పేటలో ఎవరి పిల్లలైనా సారాకో మత్తుకో అలవాటు పడ్డారని తెలిస్తే కొట్టరు. నలుగురిలో నిలబెట్టరు. ఆ అరుగు మీద కూచోబెడతారు. ఇంట్లో పెద్దవాళ్లు కింద కూచుంటారు. పిల్లల్ని ఒక్కమాట అడిగే ముందు, పెద్దవాళ్లు తమ తప్పు చెప్పుకోవాలి. నా తప్పేం లేదంటే కుదరదు. అందరూ చెప్పాకే, "ఇంక నువ్వు చెప్పు నాయనా" అంటారు.

ఒకసారి నా వంతూ వచ్చింది. నా కొడుకు అరుగు మీద, నేను కింద. వాళ్ల నాన్న నన్ను కొడతాడని భయపడి, ఆరేళ్లవాడిని సారా సీసా తెమ్మని పంపింది నేనే అని చెప్పాను. నేల చూస్తూ చెప్పాను.

తర్వాత వాడు చెప్పాడు.