అరుపులగుట్ట వీరభద్రుడు సగం దారిలో ఆగిన వృత్తాంతం

అరుపులగుట్ట ఎక్కే భక్తులకు సగం మెట్ల దగ్గరే శ్రీ వీరభద్రస్వామివారు దర్శనమిస్తారు. పైన శిథిలమైన కోట తప్ప గుడి లేదు. స్వామి నడిదారిలో కొలువైన కారణాన్ని పెద్దలు ఇలా చెబుతారు.

పూర్వం ఇక్కడ రణభైరవ నాయకుడనే దొర ఉండేవాడు. ఆయన కోట దిగితే చాలు, ఊరంతా బారులు తీరి జయజయధ్వానాలు చేయాలి. గొంతు తగ్గినవారికి వారం రోజులు వెట్టిచాకిరి. ఆ కేకలవల్లే గుట్టకు ఈ పేరు వచ్చింది. దొర మాత్రం అదంతా తనపై ప్రేమేనని నమ్మాడు.

ఒకనాడు ఆయన స్వామి విగ్రహం చెక్కించి, కోటలో ప్రతిష్ఠించేందుకు బండి ఎక్కించాడు. మూడు వందలమంది మోకులు పట్టి దిక్కులదిరేలా కేకలు వేశారు. బండి జానెడైనా కదలలేదు. పురోహితుడు ముహూర్తం మార్చాడు. మంత్రి ఇరుసుకు ఆముదం పోయించాడు. ఫలితం లేదు.

మూడోనాడు మధ్యాహ్నం దొర భోంచేసి కునుకు తీస్తుండగా స్వామి కలలో కనిపించి, "ఎండకు నా వీపు మాడుతోంది. వెళ్లి ఆ మోకు చూడవయ్యా" అన్నారు. దొర చెప్పులైనా తొడగకుండా దిగివచ్చాడు. చూస్తే మోకులన్నీ వదులుగా వేలాడుతున్నాయి. పట్టిన చేతులున్నాయి గాని, లాగే చేయి ఒక్కటీ లేదు.

"ఎందుకు లాగడం లేదు?" అని అడిగాడు.

అందరూ జయము పలికారు. గానుగ ఆడించే ఓబుళమ్మ అనే ముదుసలి మాత్రం, "అరవకుంటే వెట్టి అన్నారు, అరుస్తున్నాం. లాగుతారా అని మమ్మల్ని ఎవరడిగారు దొరా?" అంది.

భటులు కత్తులు దూశారు. అయినా ఆమె మాట వెనక్కి తీసుకోలేదు. దొర భటులను ఆపాడు. ఆయనకు అడగడం అలవాటు లేదు. రెండుసార్లు గొంతు సవరించుకుని, "లాగుతారా అమ్మా?" అన్నాడు.

"వెట్టి తీసేస్తే సగందాకా లాగుతాం. ఏడాది చూసి మిగతా సగం."

దొర ఒప్పుకుని తానూ మోకు పట్టాడు. బండి ఒక్క కేకైనా లేకుండా సగం గుట్ట ఎక్కింది. దొర మాట నిలుపుకోగా, ఏడాదికి జనం మళ్లీ వచ్చి నిజంగానే లాగారు. ఈసారి స్వామే కదలలేదు. "కోటలో ఉంటే నాకూ జేజేలు తప్ప మరేమీ వినిపించవు, ఇక్కడే ఉంటాను" అని ఓబుళమ్మ కలలో సెలవిచ్చారట.

నేటికీ ఫాల్గుణ మాసపు రథోత్సవంలో, సర్పంచి మొదలు మంత్రివర్యుల దాకా పదవిలో ఉన్నవారెవరైనా మోకు ముందు నిలబడి "లాగుతారా?" అని జనాన్ని అడగాలి. జిందాబాద్‌లు నిషిద్ధం. ఆ మధ్య ఒక నాయకుడు లారీలలో అనుచరులను దింపి జేజేలు కొట్టించగా రథం సాయంత్రందాకా కదలలేదు. చివరకు ఆయన అడిగితే, జనం మంచినీళ్ల ట్యాంకు సంగతి తిరిగి అడిగారు. జవాబు పూర్తయ్యేసరికి తెల్లవారింది. రథం అప్పుడు కదిలింది.

ఈ వృత్తాంతం విన్న పదవిగలవారికి చెవులు, పదవి లేనివారికి గొంతు బాగుపడతాయని ఇక్కడి నమ్మకం.