వరుసకొండ పాలమెట్టు

వరుసకొండ ఎక్కే భక్తులు తొంభైయవ మెట్టును తొక్కరు, పక్కనుంచి దాటుతారు. ఆ నల్లరాతిపై అడ్డంగా ఒక తెల్లని చార ఉంటుంది. పసుపు కుంకుమలు ఆ చారకే. పైనున్న అమ్మవారి గుడికి గడప లేదు. రెండింటికీ కారణం ఒక్కటే.

పూర్వం ఇక్కడ మెట్లు లేని కాలంలో సింగన్న అనే మేస్త్రి గుడి కట్టించాడు. కూలివారిని కొండ పొడవునా వరుసగా నిలిపి, చేతులమీదుగా రాళ్లు ఎక్కించేవాడు. గుడిరాయి దారిలో నేలను తాకరాదని అతని నియమం. తాకిన రాయిని లోయలోకి తోయించేవాడు. అందుచేత రాయి కదులుతున్నంతసేపు వరుస విడిచే వీలులేదు.

గడపరాయి ఎక్కుతున్న రోజున వరుసలో తొంభైయవ చోట నూకాలు అనే బాలింత నిలబడింది. రెండు నెలల కూతురు కొండ కింద చీర ఉయ్యాలలో ఉంది.

"మేస్త్రీ, పిల్ల ఏడుపు ఆగిపోనాది. ఒక్కసారి దిగొత్తాను."

"ఆగితే నిద్రపోయిందన్నమాట. రాయి అందుకో."

పక్కనున్న ముసలి అప్పయ్యమ్మ ఊరుకోలేదు. "మీయమ్మ నీకు గుడి కట్టడమయ్యాకే పాలిచ్చిందేటి, మేస్త్రీ?"

వరుసంతా నవ్వింది. సింగన్న నవ్వలేదు.

నూకాలు, అప్పయ్యమ్మ ఇద్దరూ గడపరాయి అందుకున్నారు. నూకాలు రవిక తడిసి పాలు రాతిమీద పడ్డాయి. ఆ క్షణాన రాయి బరువెక్కి, వారి చేతులనుంచి మెల్లగా నేలకు దిగింది. నలుగురు పట్టినా లేవలేదు. గునపాలు వంగాయి. సింగన్న తానే భుజం ఆనించాడు. అప్పుడు అతనికి ఆ నిశ్శబ్దం తెలిసింది. ఉదయం నుంచి చెవిలో గుచ్చుకున్న ఏడుపు లేదు.

అతడు కొండ దిగాడు. పెదవులు ఎండి, వాడిపోయిన పిల్లను రెండు చేతులలో మోసుకొచ్చి తల్లికి అందించాడు. నూకాలు ఆ రాతిమీదే కూర్చుంది. సింగన్న తలపాగా విప్పి నీడపట్టాడు. చాలాసేపు పిల్ల నోరు తెరవలేదు. తరువాత ఒక గుటక. ఆ చిన్న చప్పుడు వరుస చివరిదాకా వినిపించిందంటారు. పాలు పడినచోట రాయి తెల్లబారింది.

"వేరే గడప చెక్కించమంటావా?" అని కూలివారు అడిగారు.

"వద్దు. అమ్మ తన గడప ఇక్కడే వేసుకుంది" అన్నాడు సింగన్న.

తరువాత మెట్లు కట్టినప్పుడు ఆ రాయే తొంభైయవ మెట్టయింది. నేటికీ పండుగనాడు నైవేద్యపు బిందెలు చేతులమీదుగానే కొండ ఎక్కుతాయి. బిడ్డ ఏడిస్తే తల్లి వరుస విడిచి పాలమెట్టు పక్కన కూర్చుంటుంది. ఎవరి అనుమతీ అడగదు. అటూ ఇటూ ఉన్నవారు చేతులు చాచి ఆ ఖాళీని మోస్తారు. ఆమె తిరిగి రాగానే జరిగి, ఆమె చోటు ఆమెకిస్తారు. తొలి ప్రసాదం ఆ తల్లిది. ఆమె పాలిస్తున్నంతసేపు పైన గంట మోగదు, హారతి వెలగదు. అమ్మవారు వేచి ఉంటుంది.