గుమ్మటం మీద శేషం

తుంగభద్రకు ఈ గట్టునా ఆ గట్టునా లెక్కల్లో నన్ను మించినవాడు లేడు. ఒక్క పంతొమ్మిదో ఎక్కం దగ్గర మాత్రం నోరు పెగలదు. ఏటికి వరదొచ్చిన ఆ సాయంత్రం కావలసింది సరిగ్గా ఆ ఎక్కమే.

ఏటి నడుమ దిబ్బమీద ఓ పాత దర్గా. దాన్ని కనిపెట్టుకుని ఉండే ఖాదర్‌షా తాత నా గురువు. ఉరుసుకు వచ్చిన జనం ఆ దిబ్బమీదే చిక్కుకుపోయారు. మా ఇద్దరితో కలిపి నూట డెబ్బైమూడు మందిమి. ఉన్నది ఒకటే పుట్టి, బుట్టలాంటి గుండ్రటి పడవ. దాన్ని నడిపే మారెన్న ముందే చెప్పేశాడు, పంతొమ్మిది మందిని మించి ఎక్కించుకోనని, పొద్దు గుంకితే తెడ్డు ముట్టనని.

జనమంతా తాత మొహంలోకి చూస్తున్నారు. నేను పుల్లతో ఇసుకలో భాగహారం మొదలుపెట్టాను.

"ఏం చేస్తున్నావురా మస్తానూ?"

"ఎన్ని తడవలు పడుతుందో తేలుస్తున్నా తాతా. తప్పు పోకూడదు గదా."

నీళ్లొచ్చి నా అంకెల్ని నాకేసి పోయాయి. పైకి జరిగి మళ్లీ రాశాను. నీళ్లూ జరిగాయి.

తాత పొద్దువైపు ఒకసారి, జనంవైపు ఒకసారి చూశాడు.

"నూట ఎనభై అనుకో. పుట్టికి ఇరవై అనుకో. తొమ్మిది. తొమ్మిది తడవలు అయ్యేదాకా పొద్దు ఆగుతుంది. మారెన్నా, పసిపిల్లల తల్లుల్ని ఎక్కించుకో."

"ఆ రెండంకెలూ తప్పే తాతా."

"తప్పే," అన్నాడు తాత, ఓ ముసలమ్మను ఎత్తి పుట్టిలో కూర్చోబెడుతూ. "ఈ అమ్మ కాళ్లు పట్టుకో."

పట్టుకున్నాను. పుట్టి గిరగిరా తిరుగుతూ పోయింది, వచ్చింది, మళ్లీ పోయింది.

తొమ్మిదో తడవ అది కదిలేసరికి పొద్దు నీళ్లకు ఆనింది. ఏరంతా ఎర్రబడింది. అవతలి గట్టు ఎక్కడుందో తెలియలేదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ చూస్తున్న ఏరే, అంత పెద్దదని ఆనాడే తెలిసింది.

దిబ్బమీద ఇద్దరం మిగిలాం.

"ఇప్పుడు చెప్పరా. శేషమెంత?"

"రెండు."

తాత సున్నం కొట్టే నిచ్చెన తెచ్చి గోడకు ఆనించాడు. "తేడా వస్తే ఒకరో ఇద్దరో అనుకున్నా. గుమ్మటం ఏ వరదకూ మునగలేదు. పైన ఇద్దరికి చోటుంది. మారెన్న పొద్దున్నే వస్తాడు, ఎక్కు."

ఎక్కాం. కింద ఏరు దర్గాను చుట్టేసి, మా లెక్క తనకు పట్టనట్టు పోతోంది. మెల్లగా చెప్పాను.

"తాతా, నేను లెక్క వేసింది జనం కోసం కాదు. ఎన్నో తడవలో ఎక్కేస్తే మంచిదో చూసుకుందామని. ఏటిగట్టున పుట్టానే గాని, నాకు ఈత రాదు."

తాత నీళ్లవైపే చూస్తున్నాడు.

"నాకూ రాదురా," అన్నాడు.