ముందు బెంచీ ఇరుగుపొరుగు

చినగుమ్మలూరులో కుంచంవారింటి వాళ్ళని మించిన తెలివైనవాళ్ళు లేరు. ఈ మాట ఊళ్ళో ఎవరూ అనలేదు, వాళ్ళే అనుకున్నారు. పెద్దవాడు నూకరాజు, నడిపివాడు బుల్లెబ్బాయి, చిన్నవాడు వీరబాబు. ముగ్గురికీ వండిపెట్టేది నూకరాజు పెళ్ళాం మాణిక్యం. మొన్నామధ్య కరెంటాయన "మీటరు మీద కాస్త కన్నేసి ఉంచండి" అంటే, నలుగురూ వంతులేసుకుని మూడ్రోజులు దాని ముందు కూర్చున్నారు. అంత బాధ్యత గల ఇల్లు.

ఊళ్ళో సినిమా హాలుకి కొత్త బొమ్మ వచ్చింది. పాటల్లేవు, ఫైటింగుల్లేవు. మొగుడు పోయిన ఒకావిడ అరుగు మీద కూర్చుని ఉంటుంది. అంతే. చూసొచ్చిన జనం రెండుగా చీలిపోయారు. బడిపంతులు సోమయాజులు గారు కళ్ళజోడు తుడుచుకుంటూ, "గుండె పిండేసిందనుకో" అన్నారు. కిళ్ళీకొట్టు అప్పన్న ఊరుకుంటాడా? "గంటసేపు చిక్కుడుకాయలు ఒలిచిందండీ ఆవిడ! అది మా ఇంట్లో టిక్కెట్టు లేకుండానే చూస్తాను" అన్నాడు.

"ఎవరిది ఒప్పో మనం తేల్చకపోతే ఊరికి దిక్కెవరు?" అన్నాడు నూకరాజు. అంతే, నలుగురూ మ్యాట్నీకి బయల్దేరారు. తాళం లోపల వెయ్యాలా బయట వెయ్యాలా అని తర్జనభర్జన పడి, హాలుకి చేరేసరికి బొమ్మ మొదలై అరగంటయింది. ముందు బెంచీ ఖాళీగా ఉంటే అందులో కూర్చున్నారు.

తెర మీద ఆవిడ కూర్చుని ఉంది. తల దువ్వుకోలేదు. ఎదురుగా చేటలో చిక్కుడుకాయలు. ఒకటి తీస్తుంది, చూస్తుంది, పక్కన పెడుతుంది.

"బొమ్మ నడవట్లేదురోయ్!" అని వెనకనుంచి అప్పన్న కేకేశాడు. వాడికి పని లేదు, తిట్టడానికి మళ్ళీ వచ్చాడు.

"నడవకపోతే తొయ్యాలి గదా" అని వీరబాబు లేచివెళ్ళి తెరకి భుజం ఆనించి తోశాడు. సరిగ్గా అప్పుడే ఆవిడ లేచి లోపలికి నడిచింది. "చూశారా! నా చెయ్యి పడితే మొండెద్దు కూడా కదులుతుంది" అని గర్వంగా వచ్చి కూర్చున్నాడు. సగం హాలు చప్పట్లు కొట్టింది.

"ష్! దుఃఖంలో ఉన్న మనిషి ముందు ఏవిటా గోల?" అని సోమయాజులు గారు కసిరారు. ఆ మాట బుల్లెబ్బాయికి బాగా తగిలింది. భుజం మీద తువ్వాలు తీసి ఒళ్ళో పెట్టుకుని, తల వంచుకుని, ఊరందరి తరఫునా తనే మౌనంగా కూర్చున్నాడు. పక్కవాడి పల్లీలు కూడా లాక్కుని జేబులో పోసుకున్నాడు, శబ్దం రాకుండా.

మాణిక్యం ఇవేవీ పట్టించుకోలేదు. తన చూపంతా తెర మీది వంటింటి మీదే ఉంది. పొయ్యిలో పిల్లి లేవలేదంటారే, ఆ ఇంట్లో నిజంగానే పొయ్యిలో పిల్లి పడుకుని ఉంది.

"ఏవండీ, ఈవిడ అన్నం తినలేదు" అంది మొగుడితో.

మాణిక్యం తల్లి పోయినప్పుడు ఇంట్లో పొయ్యి వెలగలేదు. ఎదురింటి ముసలమ్మ పెరుగన్నం కలిపి తెచ్చి, బలవంతాన నోట్లో పెట్టింది. ఆ ముద్ద మింగాకే మాణిక్యానికి ఏడుపొచ్చింది. అందాకా ఏడవడం కూడా చేతకాలేదు. మనిషి పోయిన ఇంటికి ఇరుగుపొరుగే అన్నం పట్టుకెళ్ళాలి. మరి ఈవిడకి ఇరుగెవరు, పొరుగెవరు?

"ముందు బెంచీలో కూర్చుంది మనమే కదండీ! మనకంటే దగ్గర ఎవరున్నారు?" అంది.

నిజమే కదా! సిగ్గుతో నలుగురికీ తలలు వాలిపోయాయి. బొమ్మ సగంలోనే లేచి, వంట చెయ్యడానికి ఇంటికి పరిగెత్తారు.

మర్నాడు క్యారేజీ నిండా ముద్దపప్పు, అన్నం, చారు, వంకాయ కూర. వంకాయ మగ్గేసరికి ఆలస్యమై, మళ్ళీ సగం బొమ్మకి చేరారు. తెర నిండా ఆవిడ మొహమే ఉంది. సూటిగా మాణిక్యాన్నే చూస్తోంది. ఇంకేముంది! నూకరాజు వంగాడు, మాణిక్యం అతని వీపెక్కింది, పప్పన్నం ముద్ద చేసి ఆవిడ పెదాల మీద పెట్టింది. "తిను తల్లీ. ఒక్క ముద్ద. నా మాట విను."

ముద్ద జారి గడ్డం మీంచి కింద పడింది.

"మింగలేకపోతోంది, నీరసం. చారన్నం పెట్టు వదినా" అన్నాడు వీరబాబు.

చారు పోశారు. సగం హాలు పొట్ట పట్టుకుని నవ్వింది, సగం హాలు కొట్టడానికి లేచింది. లైట్లు వెలిగాయి. తెర మీద ఆవిడ మాయమైంది. "ఇంతమందిని చూసి సిగ్గుపడి లోపలికెళ్ళిపోయింది" అంది మాణిక్యం.

హాలు యజమాని కామేశం తల పట్టుకుని వచ్చాడు. "అమ్మా, అది బొమ్మ! నువ్వు పెట్టినా తినదు, పెట్టకపోయినా తినదు. వచ్చే ఆటకీ ఇలాగే ఏడుస్తుంది."

"ప్రతి ఆటకీ ఏడిపిస్తున్నారా?"

"రోజుకి మూడాటలు. ఆదివారం నాలుగు."

మాణిక్యం కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఆదివారం కూడా సెలవివ్వరా ఆ తల్లికి? మీకూ ఆడపిల్లలున్నారు కదండీ!"

"ముందు మీరు బొమ్మ మొదట్నుంచీ చూడండి! చూశాక నాతో మాట్లాడండి" అని కామేశం దణ్ణం పెట్టాడు.

మూడోనాడు హాలు ఊడవకముందే వెళ్ళి కూర్చున్నారు. బొమ్మ మొదలైంది. తెర మీద ఎండ. అదే ఇల్లు, అదే ఆవిడ, కానీ నవ్వుతోంది! జడలో పువ్వులున్నాయి. ఒకాయన పీట మీద కూర్చుని అన్నం తిని, చెయ్యి కడుక్కుని, సైకిలు తీస్తున్నాడు.

"ఎవరండీ ఈయన?" అని వెనక్కి తిరిగి అడిగింది మాణిక్యం.

"ఆవిడ మొగుడమ్మా" అన్నారు సోమయాజులు గారు. "ఇప్పుడు వెళ్ళాడంటే మళ్ళీ రాడు."

మాణిక్యం గబుక్కున తెర వైపు తిరిగింది. మనిషి నిక్షేపంలా ఉన్నాడు! ఆవిడ గుమ్మంలో నిలబడి చెయ్యూపుతోంది. సైకిలు కదిలింది.

"ఏవండోయ్! వెళ్ళనీకండి ఆయన్ని!"

ఇంకేముంది! ముగ్గురన్నదమ్ములూ ఒక్క దూకు దూకారు. వీరబాబు సైకిలు క్యారియరు పట్టుకున్నాడు. బుల్లెబ్బాయి చక్రానికి అడ్డం పడుకున్నాడు. నూకరాజు చేతులు బార్లా చాపి ఆయన్ని వాటేసుకున్నాడు. పర్రుమని తెర పైనుంచి కిందదాకా చిరిగి కుప్పగా పడింది. అయినా బొమ్మ ఆడుతూనే ఉంది. తెర లేకపోయేసరికి, ఆ సైకిలాయన వచ్చి నూకరాజు తెల్లలాల్చీ మీద పడ్డాడు.

"దొరికాడు! అన్నయ్య పొట్ట మీదున్నాడు!" అని అరిచాడు వీరబాబు.

అప్పుడు జరిగింది వింత. సోమయాజులు గారు బెంచీ ఎక్కి, "వదలకు నూకరాజూ!" అని కేక పెట్టారు. అప్పన్న కూడా ఎక్కి, "గట్టిగా పట్టుకోరోయ్!" అన్నాడు. ఆ బొమ్మ వచ్చాక హాలంతా ఒక్క మాట మీద నిలబడింది ఆ ఒక్కసారే. పాపం, కామేశం ఒక్కడే ఏడిచాడు.

నూకరాజుని దుప్పట్లో చుట్టి ఇంటికి మోసుకొచ్చారు. లాల్చీ మెల్లగా విప్పి, ఆ సైకిలాయన మొహం నలగకుండా మడతపెట్టి, మాణిక్యం ట్రంకుపెట్టెలో పెట్టింది. ఊపిరాడదేమోనని మూత కొంచెం వారగా తెరిచి, పెట్టె ముందు చతికిలబడింది.

"నాలుగు రోజులు ఓపిక పట్టు నాయనా" అంది. "హాల్లో బొమ్మ మారగానే మీ ఇంటికి పంపించేస్తాం."