అడిగినవాళ్ళకల్లా స్పీడ్ బ్రేకర్

ఇసుకమెరక సర్పంచి వీరరాఘవయ్య మంచివాడే కాని, ఎవరేమడిగినా కాదనడం చేతకానివాడు. "సరే" అనే మాట ఎప్పుడూ ఆయన నాలుక చివరే ఉండేది. అవతలివాళ్ళు అడగడం పూర్తికాకముందే జారిపడేది. దాంతో ఊరంతా ఆయన్ని మెచ్చుకునేవారు. ఆ మెప్పు ఆయనకి పొద్దుటి కాఫీలా అలవాటైపోయింది.

ఊళ్ళోంచి హైవేకి నాలుగు కిలోమీటర్ల రోడ్డు. పొడుగునా ఇళ్ళే. పిల్లలు దాటే చోటని పంచాయతీ వారు బడి ముందు ఒక స్పీడ్ బ్రేకర్ వేయించారు. అది అవసరమే. మర్నాడే రైసుమిల్లు కోటేశ్వర్రావు వచ్చి, "మోటారు సైకిలొకటి మా కోడిని తొక్కేసింది బాబాయ్. మా ఇంటి ముందూ ఒకటి పోయించు" అన్నాడు. సర్పంచి సరే అన్నాడు. కోటేశ్వర్రావు ఇంటి ముందు ఉండి తన ఇంటి ముందు లేకపోవడం ఎరువుల కొట్టాయనకి నామోషీ అనిపించింది. ఆయనకీ ఒకటి పోయించాడు. రోడ్డు మీద మిరపకాయలు ఆరబోసుకునే అనసూయమ్మకి ఒకటి. బళ్ళు నెమ్మదిస్తేనే గదా బేరం అన్నాడని బజ్జీల బండి వాడికి ఒకటి. ఇక ఆ ఊళ్ళో ఇంటి ముందు స్పీడ్ బ్రేకర్ లేనివాడు మనిషే కాదన్నట్టు తయారైంది. ఏడాది తిరిగేసరికి పద్నాలుగు లేచాయి. పద్నాలుగోది మాత్రం ఎవరూ అడగలేదు. హైవే మీంచి వచ్చే ప్రతి కారూ ఊరి మొదట్లో ఉన్న తన కొత్త మేడ ముందు కాసేపు నెమ్మదించాలని సర్పంచే పోయించుకున్నాడు. అన్నిటికన్నా ఎత్తయింది అదే.

వాటన్నిటినీ పోసింది ఏసోబు మేస్త్రీ. పనితనం తెలిసిన మనిషి కనుక మొదట్లోనే చెప్పి చూశాడు.

"అయ్యా, ఇంజినీరు గారు చెప్పిన ఎత్తు బెత్తెడేనండి. వీళ్ళు జానెడు పొయ్యమంటన్నారు."

"పోనీలే ఏసోబూ, వాళ్ళడిగినట్టే పొయ్యి. మనకెందుకు, ఒకరి మనసు నొప్పించడం?" అన్నాడు వీరరాఘవయ్య.

కొన్నాళ్ళకి ఆరోగ్య కేంద్రం డాక్టరమ్మ పంచాయతీ ఆఫీసుకి వచ్చింది. "సర్పంచిగారూ, నొప్పులు పడేవాళ్ళని ఈ రోడ్డు మీద తీసుకెళ్ళలేకపోతున్నాం. పది నిమిషాల్లో హైవే ఎక్కాల్సిన అంబులెన్సుకి అరగంట పడుతోంది. మందులు మా చేతిలో ఉన్నాయి, రోడ్డు మీ చేతిలో ఉంది. బడి ముందుది సరిచేసి, మిగతావి తీయించండి" అంది. కాగితం కూడా రాసి ఇచ్చింది.

"సరేనమ్మా, తప్పకుండా!" అన్నాడు సర్పంచి. ఆమెకి మాత్రం కాదని ఎలా అంటాడు!

ఆ కాగితాన్ని బల్ల మీద అద్దం కింద పెట్టాడు. అక్కడుంటే రోజూ కళ్ళబడుతుందనుకున్నాడు. కళ్ళబడింది కూడా. ఒక్కటి తీయించినా ఎవరో ఒకరు మొహం ముడుచుకుంటారు గదా, రేపు చూద్దాంలే అనుకునేవాడు. అలా నాలుగు నెలల రేపులు గడిచిపోయాయి.

ఒకరోజు పొద్దున పది గంటలకి ఏసోబు పంచాయతీ ఆఫీసు పిట్టగోడకి సిమెంటు పూస్తూ, పరంజా మీంచి వెల్లకిలా పడ్డాడు. కింద కుర్చీలో కూర్చుని ఉన్న వీరరాఘవయ్య కళ్ళ ముందే పడ్డాడు. ఏసోబు భార్య కరుణమ్మ పక్క ఊరికి నాట్లకి వెళ్ళింది. ఫోన్ చేయగానే అంబులెన్సు బయల్దేరింది. హైవే దాకా గాలిలా వచ్చింది. ఊరి రోడ్డెక్కాక సైరన్ వినబడుతోందే కాని బండి కనబడదు. వీరరాఘవయ్య గుమ్మం దాకా వెళ్ళడం, వెనక్కి రావడం, మళ్ళీ వెళ్ళడం. ఎట్టకేలకి వచ్చింది.

"వెన్నెముకకి దెబ్బ తగిలినట్టుంది. మనిషి ఏమాత్రం కదలకూడదు. తోడు ఎవరొస్తారు?" అన్నాడు బండిలో రోగిని చూసుకునే టెక్నీషియన్.

వీరరాఘవయ్య ఎక్కి కూర్చున్నాడు.

మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గర డ్రైవరు బండిని దాదాపు ఆపి ఎక్కించాడు. అయినా ముందు చక్రాలు దిగేసరికి ఏసోబు "అమ్మా" అన్నాడు. వెనక చక్రాలు దిగేసరికి ఆ మాట కూడా రాలేదు. అది అనసూయమ్మ మిరపకాయలది. తరవాతది బజ్జీల బండిది. ఆ తరవాతది ఎరువుల కొట్టుది. ఒక్కొక్కటే వస్తుంటే వీరరాఘవయ్యకి ఒక్కొక్క మొహమే గుర్తొచ్చింది. ఎవరెవరు తనని ఎంతెంత పొగిడారో కూడా గుర్తొచ్చింది. ఒక కోడి కోసం, ఒక నామోషీ కోసం తను సరే అన్న మాటలన్నీ ఇప్పుడు ఏసోబు వీపు మీంచి వెళుతున్నాయి.

ఏడోది దాటాక డ్రైవరు విసుగు ఆపుకోలేకపోయాడు. "ఎవడండీ బాబూ, రోడ్డు మీద ఈ గోడలు పోసింది?" అని అరిచాడు.

వీరరాఘవయ్య నోరు తెరిచాడు. మాట రాలేదు.

"నేనేనండి" అన్నాడు ఏసోబు, కళ్ళు మూసుకునే.

పదకొండోది దాటాక ఏసోబు మెల్లిగా, "అయ్యా, కుడికాలు ఉన్నట్టు తెలవటం లేదండి" అన్నాడు. టెక్నీషియన్ వంగి చూసి, పట్టీలు ఇంకాస్త బిగించాడు. కాసేపటికి ఏసోబే మళ్ళీ, "డ్రైవరు బాబూ, ఊరి చివర పెద్దదొకటుంది. సర్పంచిగారి మేడ ముందు. నిదానంగా పోనియ్యి" అన్నాడు.

"ఆ సర్పంచిని ఒక్కసారి ఈ బండిలో పడుకోబెట్టి తీసుకెళ్ళాలి" అన్నాడు డ్రైవరు.

తానే సర్పంచినని వీరరాఘవయ్య చెప్పలేదు. తల వంచుకుని, కాళ్ళ దగ్గర రేకు వంక చూస్తూ కూర్చున్నాడు. తన మేడ ముందు ఏసోబు పెట్టిన కేకకి ఆయన ఒళ్ళంతా సిగ్గుతో కాలిపోయింది.

ఏసోబు బతికాడు. కుడికాలు మాత్రం చచ్చుబడింది. "పడ్డప్పుడే పోయిందా, దారిలో కుదుపులకి పోయిందా అంటే ఎవరూ చెప్పలేరండి" అన్నాడు పెద్దాసుపత్రి డాక్టరు. సాయంత్రానికి కరుణమ్మ పరుగున వచ్చి, సర్పంచికి రెండు చేతులూ జోడించింది. "దేవుడల్లే తోడొచ్చారయ్యా. మీ మేలు మర్చిపోను" అంది. ఎన్నో మెప్పులు విన్న మనిషి, ఆ మెప్పుకి చెంపదెబ్బ తిన్నట్టు అయిపోయి, ఆసుపత్రి వెనక గోడ చాటుకి వెళ్ళి ఏడ్చాడు.

మర్నాడు తెల్లారగానే గునపం పట్టుకుని తన ఇంటి ముందుది తనే పగలగొట్టడం మొదలుపెట్టాడు. "అయ్యో, ఇదేం పనండీ! నలుగురూ చూస్తే పరువు పోదూ?" అంది భార్య. "అది నిన్ననే బండిలో పోయింది" అన్నాడాయన. ఆ వారమే గ్రామసభ పెట్టి, డాక్టరమ్మ కాగితం తనే చదివాడు. అది నాలుగు నెలలు అద్దం కింద ఉందని కూడా చెప్పాడు. సభలో ఎవరూ తలెత్తలేదు. చివరికి కోటేశ్వర్రావు లేచి, "అన్నీ తీయించు బాబాయ్. మాదొక్కటి మాత్రం..." అన్నాడు.

"కాదు" అన్నాడు వీరరాఘవయ్య. అరవయ్యేళ్ళకి ఆ మాట పలకడం ఆయనకి అదే మొదలు. గొంతులో ముల్లులా గుచ్చుకుంది. కాని బయటికొచ్చింది. బడి ముందుది బెత్తెడెత్తుకి తగ్గించి, మిగతా పదమూడూ లేకుండా చేశారు.

రెండు నెలల తరవాత ఏసోబుని ఆటోలో ఇంటికి తెచ్చారు. ఒకప్పుడు స్పీడ్ బ్రేకర్ ఉన్న చోటు వచ్చినప్పుడల్లా అతను ఆటో కడ్డీ బిగించి పట్టుకున్నాడట. బడి ముందు చిన్నది తప్ప, మేడ దాటి ఊళ్ళోకి వచ్చేదాకా ఒక్క కుదుపూ రాలేదు. వీరరాఘవయ్య అతని గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు.

"రోడ్డు బాగా చదును చేశారండి" అన్నాడు ఏసోబు, చంకకర్ర మీద ఆనుకుని.

"ఏసోబూ, ఆరోజు ఆ గోడలు ఎవరు పోశారని డ్రైవరు అడిగితే నువ్వు నేనేనన్నావు. అనాల్సింది నేను" అన్నాడు వీరరాఘవయ్య.

"తెలుసండి. మీరంటారేమోనని కాసేపు చూశాను" అన్నాడు ఏసోబు.

అందులో కోపం లేదు. కోపం ఉంటేనే బాగుండునని వీరరాఘవయ్యకి అనిపించింది. ఆ తరవాత ఊళ్ళోవాళ్ళు ఆయన్ని ఎంత మెచ్చుకున్నా, ఆయన చూపు మాత్రం కిందికి వాలిపోయేది.

అడిగినవాళ్ళందరికీ సరే అనడం మంచితనం కాదు. ఊరి బాధ్యత నెత్తికెత్తుకున్నవాడు తన మెప్పు కోసం పదిమంది ప్రాణాలు కాపాడే దారికి అడ్డం కట్టకూడదు.